కబుర్లలో జారిపోయే ఊరూ, తేదీ



ఫోనులో మనం రోజూ చెప్పుకొనే కబుర్ల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. కూరగాయల ధరతో మొదలై, ఎన్నికల మీదికి పోయి, అక్కడి నుంచి చరిత్రలోకి వెళ్తాయి. వాటిని కాలక్షేపమని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. మన సమాజం ఏమనుకుంటున్నదో ఎక్కువగా తెలిసేది అక్కడే. అయితే ఒక మాట ఒకరి నుంచి మరొకరికి చేరేటప్పుడు ముందుగా జారిపోయేవి రెండు: అది ఏ చోటి సంగతి, ఏనాటి సంగతి. ఉదాహరణల కోసం అండమాన్ దీవుల్లోని డిగ్లీపూర్‌ను తీసుకుందాం.

ఇది ఉత్తర అండమాన్‌లోని ఊరు. పోర్ట్ బ్లెయిర్ నుంచి రోడ్డు మీద 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లినవారు వారిలో చాలామంది. మీలో కొందరికి అక్కడ మేనమామో, పెద్దమ్మో ఉండవచ్చు.

శ్రీకాకుళంలోని మేనల్లుడు "ఏం మామయ్యా, అప్పుడే దీపాలు పెట్టేశారా?" అని అడుగుతాడు. ఇద్దరి గడియారాలూ ఒకే సమయం చూపుతాయి. కాని డిగ్లీపూర్ సుమారు 9 డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అక్కడ సూర్యుడు దాదాపు 36 నిమిషాలు ముందుంటాడు. "మీ ఎమ్మెల్యే ఎవరు?" అన్నది మరో ప్రశ్న. అక్కడ శాసనసభే లేదు. మొత్తం దీవులకు ఉన్నది ఒక్క లోక్‌సభ స్థానం.

చరిత్ర దగ్గరికి వచ్చేసరికి తగవు ముదురుతుంది. 2018 డిసెంబరు 30న రాస్ దీవికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అని పేరు పెడుతున్నట్లు ప్రధానమంత్రి ప్రకటించారు. "రాస్ పేరు పోయింది" అని ఒకరు రాస్తే, "మొన్ననే రాస్ దీవికి వెళ్లి వచ్చాం, అదే పేరు" అని మరొకరు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు! పేరు మారినది పోర్ట్ బ్లెయిర్ ఎదురుగా, బ్రిటిష్ పాలకులు కాపురమున్న దీవికి. డిగ్లీపూర్ దగ్గరి రాస్ వేరు. పోటు తగ్గినప్పుడు ఇసుక తిన్నె బయటపడి, దానిని పక్కనున్న స్మిత్ దీవితో కలుపుతుంది.

పోర్ట్ కార్న్‌వాలిస్ కథ ఇంకా చిక్కు. 1789లో దక్షిణాన, తర్వాత పోర్ట్ బ్లెయిర్ అయిన రేవుకు తొలుత ఈ పేరే పెట్టారు. 1792లో స్థావరాన్ని ఉత్తర అండమాన్ ఈశాన్య తీరానికి మార్చి, అక్కడికీ అదే పేరు తీసుకుపోయారు. జ్వరాలూ మరణాలూ పెరగడంతో 1796లో దానిని వదిలేశారు. అంటే "పోర్ట్ కార్న్‌వాలిస్‌లో" అని రాసిన పాత సంగతి ఏదైనా చదివినప్పుడు, సంవత్సరం చూడకుండా అది ఏ రేవో చెప్పలేం. దక్షిణ రేవు పేరు ఇప్పుడు మరోసారి మారింది: 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీ విజయపురంగా మారుస్తున్నట్లు కేంద్రం ప్రకటించింది. దాని మీద వాదించుకునేవారు ఈ పాత మార్పునూ తెలుసుకుంటే వాదన రక్తి కడుతుంది.

ఇప్పుడు సముద్రం సంగతి. 2004 డిసెంబరు 26 తర్వాత సముద్రం ముందుకు వచ్చిందా, వెనక్కి పోయిందా? పోర్ట్ బ్లెయిర్ దగ్గర సిప్పీఘాట్‌లో పొలాలు ఉప్పునీటి పాలయ్యాయి. ఉత్తర అండమాన్ పశ్చిమ తీరంలో మాత్రం పగడపు దిబ్బలు నీటిపైకి తేలి, ఎండి చచ్చిపోయాయి. నిజానికి కదిలింది నేల. భారత ఫలకం ఈ దీవుల కిందికి దూరుతూ, పైనున్న ఫలకాన్ని ఏళ్ల తరబడి వంచుతుంది. బిగువు ఒక్కసారిగా విడిపోయినప్పుడు ఫలకాల అంచుకు దగ్గరి నేల పైకి లేస్తుంది, కాస్త దూరపు నేల కుంగుతుంది. చుట్టాలిద్దరు చెరో తీరం నుంచి ఫొటో పంపుకొని ఒకరినొకరు అబద్ధాలకోరని అనుకోవచ్చు. ఫొటో కింద ఊరి పేరు రాసి ఉంటే, అదే ఫొటో భూగర్భశాస్త్రానికి సాక్ష్యం.

మరి ఎందుకు అడగం? వేగం ఒక కారణమని నా అభిప్రాయం. పది భాషల సంభాషణలను పరిశీలించి 2009లో వెలువరించిన ఒక అధ్యయనంలో, ఒకరు ఆపాక మరొకరు అందుకోవడానికి పట్టే సమయం సగటున సెకనులో ఐదో వంతని తేలింది. దీవుల సంభాషణలు ప్రధానంగా ఉపగ్రహాల మీదుగా సాగిన రోజుల్లో, 36,000 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి దిగే ప్రయాణం వల్ల మాటకూ బదులుకూ కలిపి అర సెకను ఆలస్యం తప్పేది కాదు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ ప్రారంభమైంది. ఈ తీగను కాంతి సెకనులో చాలా చిన్న భాగంలోనే దాటుతుంది. బదులు చెప్పాలన్న తొందర మాత్రం మనదే.

ఈ తొందర ప్రాణాల మీదికీ రావచ్చు. డిగ్లీపూర్ 2002 సెప్టెంబరు 14న 6.5 తీవ్రతతో కంపించిన చోటు. "రేపు ఫలానా గంటకు భూకంపం" అన్న సందేశం ఎవరు పంపినా నమ్మకండి. రోజూ గంటా ముందుగా చెప్పే పద్ధతి ఏ శాస్త్రవేత్త దగ్గరా లేదు. భూకంపం వచ్చాక సునామీ వస్తుందా లేదా అన్నది మాత్రం చెప్పగలం. ఆ పని 2007 నుంచి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ హెచ్చరిక కేంద్రం చేస్తున్నది. దాని ప్రకటన ఒకటి తెచ్చుకుని చూడండి. భూకంపం వచ్చిన తేదీ, సమయం, అక్షాంశం, రేఖాంశం, తీవ్రత అందులో ఉంటాయి. మీ ఫోనుకు వచ్చిన సందేశాన్ని దాని పక్కన పెట్టి, వీటిలో ఏవి లేవో గుర్తించండి.