పాత డెస్కు, ఉప్పు కాగితం, నా బొటనవేలు

పోయిన ఎపిసోడ్ చివర్లో "డెస్కు పూర్తయ్యాక చూపిస్తా" అని మాటిచ్చాను కదా, ఇదిగో, నా వెనకాల కనిపిస్తోందే, అదే. మెరుస్తోంది. చూడ్డానికి బాగుంది. కానీ ఇవాళ "ముందు ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా ఉంది" అని పక్కపక్కన పెట్టి చూపించే వీడియో చేయడం లేదు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా వినండి.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, ఉండేది మూసాపేటలో. ఆదివారం పొద్దున ఎర్రగడ్డ సంతలో తిరుగుతాను. గురువారం సెలవు దొరికితే జుమ్మెరాత్ బజార్. పాత కుర్చీలు, పెట్టెలు, ఇత్తడి ఇస్త్రీ పెట్టె, పనిచేయని రేడియోలు, ఇలాంటివి తెచ్చుకుని బాల్కనీలో పెట్టుకుని బాగుచేసుకోవడం నా పిచ్చి. మా అమ్మ దీన్ని హాబీ అనదు, "చెత్త" అంటుంది. (నవ్వు) ఆమెకి ఆ హక్కు ఉంది, బాల్కనీలో బట్టలు ఆరేసుకునే చోటు పోయింది మరి.

ఈ డెస్కు మాత్రం సంతలో కొన్నది కాదు. మా అమ్మమ్మ వాళ్లది తెనాలి దగ్గర పల్లెటూరు. సంక్రాంతికి వెళ్లినప్పుడు పాత ఇళ్లు పడగొట్టిన చోట సామాను కొనే ఒకాయన కొట్లో కనపడింది. నేల మీద మఠం వేసుకుని కూర్చుని రాసుకునే డెస్కు. పైన వాలుగా మూత, మూత ఎత్తితే లోపల కాగితాలకు చోటు, ఓ పక్క సిరాబుడ్డికి గుంట, కింద చిన్న సొరుగు. పద్దెనిమిది వందలు అన్నాడు. బేరం ఆడలేదు, ఫోన్‌లో డబ్బులు పంపేశాను. ఈ ఫోన్‌లో పంపడం అనేది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంటికి తెచ్చి సొరుగు బయటికి లాగి తిరగేస్తే, అడుగున పెన్సిల్‌తో లెక్కలు. రూపాయలు, అణాలు, పైసలు కాదు, పైలు. రూపాయికి పదహారు అణాలు, అణాకి పన్నెండు పైలు. మన దేశంలో నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంటే ఈ లెక్కలు దాదాపుగా అంతకుముందువి. పాత వస్తువు వయసు తెలుసుకోవాలంటే ఇలాంటివే చూడాలి. అమ్మేవాడు "నూరేళ్లది సార్" అంటాడు. వాడికి ప్రతిదీ నూరేళ్లదే. సొరుగు అడుగు, వెనక పలక, మేకులు, బందులు, లోపల పరిచిన పాత పేపరు, ఇవి మాత్రం అబద్ధం చెప్పవు.

ఆ లెక్కలు చూసి నేను భలే సంబరపడ్డాను. దాని మీద ఒక రీల్ కూడా చేశాను. కానీ మూత లోపలి వైపు? అక్కడ కూడా ఏవో పెన్సిల్ గీతలు ఉన్నాయి. ఐదు వరసలు. మసి, సిరా మరకలు, ఏళ్ల తరబడి చేతి జిడ్డు, వాటి మధ్యలో సరిగ్గా కనపడటం లేదు. ఇవీ లెక్కలే అనుకున్నాను. మిషన్ తీసి, 80 నంబరు సాండ్ పేపర్ పెట్టి, మొత్తం గీకేశాను. మా పాలిష్ మేస్త్రీ దాన్ని ఉప్పు కాగితం అంటాడు. నంబరు ఎంత తక్కువైతే అంత గరుకు. 80 అంటే చెక్కని తినేస్తుంది. పది నిమిషాల్లో నల్లటి మూత లోపల్నుంచి తేనెరంగు టేకు బయటపడింది. కెమెరాలో ఎంత బాగుందో! అసలు నిజం చెప్పాలంటే కెమెరా కోసమే మిషన్ పెట్టాను. తడిగుడ్డతో తుడుస్తుంటే ఎవరు చూస్తారు?

నాలుగో రోజు ఫోన్ వచ్చింది. తెలియని నంబరు. ఒక పెద్దావిడ గొంతు.

"నాయనా, తెనాల్లో పాత సామాన్ల అబ్బాయి దగ్గర రాసుకునే డెస్కు కొన్నది నువ్వేనా?"

"అవునండీ."

"ఏం లేదులే, డెస్కు నీ దగ్గరే ఉంచుకో. మా అమ్మాయి ఫ్లాట్‌లో దానికి చోటు లేదు. ఆ మూత లోపల మా నాన్న రాసినవి ఉంటాయి చూడు, అవి ఒక్క ఫోటో తీసి పంపుతావా?"

డబ్బులు ఫోన్‌లో పంపాను కదా, అలా నా నంబరు ఆయన దగ్గర ఉండిపోయింది. ఈవిడ అడిగితే ఇచ్చాడు.

నేను వెంటనే నిజం చెప్పలేదు. "ఆఫీసులో ఉన్నానండీ, సాయంత్రం పంపుతా" అన్నాను. ఆఫీసులో లేను, డెస్కు పక్కనే ఉన్నాను. టార్చి ఆర్పి వెలిగించి, పక్కవాటుగా కాంతి వేసి చూశాను. పెన్సిల్ చెరిగిపోయినా చెక్క మీద నొక్కు ఉంటుంది, పక్కనుంచి వెలుతురు పడితే ఒక్కోసారి చదవొచ్చు. ఏమీ లేదు. నా మిషన్ చేసిన గుండ్రటి గీతలు తప్ప.

అప్పుడు పాత క్లిప్పులన్నీ బయటికి తీశాను. డెస్కు కొన్న రోజు కొట్లో తీసిన వీడియోలో ఒక చోట మూత ఎత్తుతాను. మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లని ఫ్రేము ఫ్రేముగా ఆపి, వెలుగు పెంచి, చూస్తూ కూర్చున్నాను. రాత్రి రెండయింది. లెక్కలు కాదు అవి. పుట్టినరోజులు. ఐదుగురు పిల్లలవి.

మన ఇళ్లల్లో ఇది మామూలే. బీరువా తలుపు లోపల, పంచాంగం వెనక అట్ట మీద, పెట్టె మూత లోపల, పిల్లలు పుట్టిన సంవత్సరం, మాసం, తిథి, నక్షత్రం, సమయం రాసిపెట్టేవాళ్లు. ఆసుపత్రిలో పుట్టని పిల్లలకి అదే బర్త్ సర్టిఫికెట్. మీ తాతగారి ఇంట్లో కూడా ఎక్కడో ఉండే ఉంటుంది, ఒకసారి వెతకండి.

ఐదింట్లో మూడు వరసలు పూర్తిగా చదవగలిగాను. నాలుగోది సగం. మొదటిది మాత్రం... మూత ఎత్తిన నా బొటనవేలు సరిగ్గా దాని మీదే ఉంది. ఈ చివర "చి." అని, ఆ చివర "ఘడియలు" అని కనపడుతోంది, అంతే.

మర్నాడు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. మామ్మగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఉన్నంతవరకు తీసుకురా నాయనా, ఫోన్‌లో నాకు కనపడదు" అన్నారు. వాళ్లమ్మాయి ఉండేది కూకట్‌పల్లి, మాకు దగ్గరే. ఫ్రేములు పెద్ద సైజులో ప్రింట్ తీయించుకుని వెళ్లాను. అక్కడ ఏం జరిగిందో చివర్లో చెప్తాను. ముందు పని సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే మీలో చాలామంది ఈ వారమే ఏదో ఒకటి గీకబోతున్నారని నాకు తెలుసు. మెసేజీలు పెడుతున్నారు కదా.

ఇప్పుడు నేను చేసే మొదటి పని ఫోటోలు. వీడియో కాదు, ఫోటోలు. అన్ని వైపులా, సొరుగుల అడుగు, వెనక, మూతల లోపల. ఒకటి మామూలు వెలుతురులో, ఒకటి టార్చి పక్కన పెట్టి. రెండోది తడిగుడ్డ. సబ్బునీళ్లలో ముంచి గట్టిగా పిండేసిన గుడ్డ, దాదాపు పొడిగా ఉండాలి. సగం "పాతదనం" అనుకునేది వట్టి జిడ్డే, దీనికే పోతుంది. రాత ఉన్న చోట అది కూడా వద్దు.

ఆ తర్వాత, కనపడని మూల ఒకటి చూసుకుని దూది మీద కాస్త పాలిష్ స్పిరిట్ వేసి రుద్దండి. పైపూత కరిగి జిగటగా అయితే అది లక్క పాలిష్. అలా అయితే మీ పంట పండినట్టే. మోదుగ, రేగు, కుసుమ లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగు పెట్టే పదార్థం అది, ఏటికొప్పాక బొమ్మల మెరుపు కూడా లక్కదే. దీని గొప్పతనం ఏంటంటే, కొత్త పూత పాత పూతని కొంచెం కరిగించుకుని దానిలో కలిసిపోతుంది. అంటే మొత్తం గీకాల్సిన పనే లేదు. శుభ్రం చేసి, దెబ్బతిన్న చోట సరిచేసి, పైన పల్చగా మళ్లీ వేస్తే చాలు. వేడి గ్లాసు పెట్టిన తెల్లటి మచ్చలు కూడా చాలాసార్లు స్పిరిట్ గుడ్డతో అలా అలా తాకిస్తే పోతాయి. నా డెస్కుది లక్క పాలిషే. నేను ఈ పరీక్ష మిషన్ పెట్టాక చేశాను. ఏం లాభం?

గీకక తప్పని పరిస్థితి వస్తే 120తో మొదలుపెట్టి 180, 220కి వెళ్లండి, చేత్తో, చెక్క గీత వెంబడి. అడ్డంగా రుద్దితే ఆ గీతలు పాలిష్ వేశాకే బయటపడతాయి, అప్పుడు ఏడుపొస్తుంది. వినీర్ ఉందేమో అంచు దగ్గర చూసుకోండి. పైన అతికించిన పల్చటి చెక్క పొర అది, మిషన్ పెడితే నిమిషంలో చిరుగుతుంది.

రెండు ప్రమాదాలు కూడా చెప్పాలి, ఇవి సరదా విషయాలు కాదు. పాత రంగు వేసిన సామాను, పచ్చ ఉయ్యాల బల్లలు, నీలం తలుపులు, వీటిని పొడిగా గీకకండి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని మన దేశంలో 2016లో నిబంధనలు తెచ్చారు, అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు డబ్బాల్లో ఏముందో మీకూ నాకూ తెలియదు. ఆ దుమ్ము చిన్నపిల్లల మెదడుకి చేటు. ఇంట్లో పిల్లలుంటే అలాంటివి ముట్టుకోకపోవడమే మంచిది. రెండోది, అవిసె నూనె తుడిచిన గుడ్డలు. ఉండచుట్టి మూలకి విసిరేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. అగ్గిపుల్ల అక్కర్లేదు. విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ల బకెట్లో వేయండి.

చెక్కలో సన్న రంధ్రాలుంటే తెల్ల కాగితం పైన పెట్టి తట్టి చూడండి. కొత్త పొడి రాలితే పురుగు ఇంకా లోపలే ఉంది. మందు పెట్టేదాకా ఇంట్లో మిగతా సామాను పక్కన ఉంచకండి. దీని గురించి విడిగా ఒక ఎపిసోడ్ చేస్తాలెండి.

సరే, కూకట్‌పల్లి. మామ్మగారు కళ్లజోడు పెట్టుకుని ప్రింట్లు ఒక్కొక్కటీ చదివారు, వేలు పెట్టి, పైకి. సగం చదవగలిగాను అన్నానే, ఆ నాలుగోది ఆవిడదే. ఖర నామ సంవత్సరం, కార్తీక మాసం, అంతవరకు ఉంది. అంటే 1951, నవంబరు కాస్త అటూ ఇటూగా. ఆధార్‌లో మాత్రం జనవరి ఒకటి. "మా ఊళ్లో సగం మంది జనవరి ఒకటినే పుట్టారు నాయనా" అని నవ్వారు. "అమ్మ ఎప్పుడూ నువ్వు కార్తీక దీపాల్లో పుట్టావే అనేది. నన్ను ముద్దు చేయడానికి అంటోంది అనుకునేదాన్ని."

తర్వాత మొదటి వరస అడిగారు. నా వేలున్న ఫ్రేము చూపించాను.

"అది మా పెద్దక్కది" అన్నారు. "రెండేళ్లకే పోయిందిట. నేను చూడలేదు. ఫోటో లేదు, ఏమీ లేదు. నాన్న అక్కడ రాశాడు, అంతే."

నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. సారీ అండీ, సారీ అండీ అని రెండుసార్లు అన్నట్టున్నాను. వాళ్లమ్మాయి కాఫీ తెచ్చింది. మామ్మగారు ఆ ప్రింట్‌ని మళ్లీ దగ్గరికి తీసుకుని, వేలు పక్కన కనిపిస్తున్న "చి." అన్న అక్షరాన్ని చూస్తూ, "పేరు నాకు తెలుసులే. తేదీ ఒక్కటే పోయింది" అన్నారు.

డెస్కు తిరిగి ఇచ్చేస్తానన్నాను. వద్దన్నారు, పెట్టుకోవడానికి చోటు లేదు, అది నిజమే. ప్రింట్లు మాత్రం ఉంచుకున్నారు. సొరుగు అడుగున ఉన్న లెక్కలు వాళ్ల నాన్నవేనా అని అడిగితే, కాదుట, వాళ్ల తాతవిట. అవి అలాగే ఉన్నాయి, ముట్టుకోలేదు. మూత బయట రెండు పూతలు లక్క పాలిష్ వేశాను, మీరు చూస్తున్న మెరుపు అదే. లోపలి వైపు ఏమీ వేయలేదు, వట్టి చెక్కే. ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు.

వచ్చే వారం ఎర్రగడ్డలో దొరికిన పేము కుర్చీ అల్లుదాం. సీటు మొత్తం పోయింది, కాళ్లు మాత్రం గట్టిగా ఉన్నాయి. పేము ఎంతసేపు నానబెట్టాలో అప్పుడు చూపిస్తాను. ఉంటాను మరి.