ఇంచియాన్‌లో 28.26 సెకన్లు

దక్షిణ కొరియాలోని ఇంచియాన్ కూడా మన విశాఖలాగే ఓడరేవు నగరం. 2014 ఆసియా క్రీడలు అక్కడే జరిగాయి. పురుషుల 50 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ ఫైనల్లో ఢిల్లీ ఈతగాడు సందీప్ సెజ్వాల్ 28.26 సెకన్లలో గోడ తాకి కాంస్యం గెలిచాడు. ఈ క్రీడల ఈతలో మనకు పతకం దక్కడమే అరుదు. 1986లో ఖజాన్ సింగ్ రజతం తెస్తే, 2010లో వీర్‌ధవల్ ఖాడే కాంస్యం తెచ్చాడు. అందుకే ఆ మూడో స్థానం నా దృష్టిలో చాలా పెద్దది.

పోటీల్లో ఉండే నాలుగు ఈతల్లోనూ బ్రెస్ట్‌స్ట్రోకే నెమ్మదైనది. తన్నడానికి మోకాళ్లు ముడవగానే తొడలు నీటికి అడ్డుపడతాయి, వేగం పడిపోతుంది. పాదాలు బయటికి తిప్పి కప్పలా తన్నితేనే మళ్లీ ఊపు. ఆ ఊపుతో ఒళ్లంతా చాచి ఎంతసేపు జారాలి, మళ్లీ చేతులు ఎప్పుడు లాగాలి? పందెం కిటుకంతా అక్కడే ఉంది. చివర్లో రెండు చేతులూ ఒకేసారి గోడకు తగలాలి. ఒక చెయ్యి ముందు తగిలిందా, అనర్హతే.

ఇంచియాన్‌లో ఈ ఈతలో పురుషుల మూడు స్వర్ణాలూ కజకిస్తాన్‌కు చెందిన దిమిత్రీ బలాందిన్‌వే. రెండేళ్లకు రియో ఒలింపిక్స్ 200 మీటర్లలో, అంచునున్న ఎనిమిదో లేన్ నుంచి ఈది మళ్లీ స్వర్ణం కొట్టాడు. సెజ్వాల్ ఎలాంటివాడితో పోటీపడ్డాడో చూడండి!

బీచ్‌రోడ్డు ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో పిల్లల్ని చేర్పించే అమ్మానాన్నలకు ఒక మాట. ఈ ఈత నేర్చుకునే పిల్లలు మోకాలి లోపలివైపు నొప్పంటే తేలిగ్గా తీసుకోకండి. ఆ తన్ను భారం పడేది అక్కడే. వెంటనే కోచ్‌కు చెప్పండి.