పిడికెడు మట్టి



నాటకం గురించి మాట్లాడమని పిలవగానే నాకు ఈ ఊరి పేరు మీద ధ్యాస పోయింది. ఖానాపురం హవేలి. పాత రెవెన్యూ మాటల్లో హవేలి అంటే సర్కారే నేరుగా శిస్తు వసూలు చేసుకునే భూమి. నేల ఎవరిదన్న పంచాయితీ మన ఊరి పేరులోనే ఉంది. అందుకే ఈరోజు మట్టి చుట్టూ తిరిగే రెండు నాటకాల సంగతి చెబుతాను.

1944లో పారిస్ జర్మన్ల చేతుల్లో ఉంది. అప్పుడు ఝాఁ అనూయ్ 'ఆంతిగొన్' ఆడించాడు. కథ గ్రీకులది. అన్న శవాన్ని ఎవరూ పూడ్చకూడదని రాజు హుకుం. చెల్లెలు ఆంతిగొన్ రాత్రిపూట వెళ్లి మట్టి కప్పుతుంది. దేంతో అనుకున్నారు? చిన్నప్పుడు అన్న ఇసుకలో ఆడుకున్న బుల్లి పారతో! కాపలావాళ్లకు ఆ పార దొరికిపోతుంది. మళ్లీ వెళ్తుంది, ఈసారి ఒట్టి చేతులతో తవ్వుతుంది. ఆ బొమ్మపార ఒక్కటి చాలు, అనూయ్ ఎంత పెద్ద నాటకకర్తో చెప్పడానికి.

మూడేళ్ల తర్వాత, 1947లో, సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 'మా భూమి' రాశారు. అంతకుముందే జమీందారీ మీద 'ముందడుగు' రాసిన జంట వాళ్లు. అనూయ్ పాత పురాణం చాటున నిలబడి మాట్లాడాడు. మనవాళ్లు ఏ చాటూ వెతుక్కోలేదు. నైజాంలోని విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కోర్టుల్లో కొట్లాడి, హతుడైన షేక్ బందగీని తెచ్చి రంగం మీద నిలబెట్టారు. ఆ ధైర్యం ముందు నేను ఇప్పటికీ తలవంచుతాను.

ప్రజానాట్యమండలి దళాలు సర్కారు జిల్లాల్లో ఊరూరా ఆ నాటకం ఆడాయి. మండలికి పెద్దదిక్కు డాక్టర్ గరికపాటి రాజారావు. 1953లో 'పుట్టిల్లు' తీసి జమునను వెండితెరకు తెచ్చిందీ ఆయనే. 'మా భూమి'ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. మన ఖమ్మం అప్పుడు నైజాంలో, వరంగల్ జిల్లాలో ఉంది. కథలో ఉన్న కష్టం మనది, రాసిన చేతులు సరిహద్దు అవతలివి. ఆ బాకీ మనం ఇంకా తీర్చలేదనే నా బాధ.

మొన్న 'మా భూమి' రిహార్సల్‌లో ఒక కుర్రాడు బందగీ వేషం కట్టాడు. మాట బాగుంది, గొంతు బాగుంది. కానీ మట్టి తీసుకోమంటే వేళ్ల కొసలతో, విభూతి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. తప్పు అతనిది కాదు. ఇంట్లో పొలం అమ్మి పదేళ్లయిందట. ఎదురుగా కూర్చున్న ఒక పెద్దమ్మ లేచొచ్చింది. "అట్ల కాదు బిడ్డా" అని అతని అరచెయ్యి తెరిచి, మట్టి పోసి, వేళ్లు ముడిచి, పైనుంచి తన రెండు చేతులతో గట్టిగా నొక్కింది. వేళ్ల సందుల్లోంచి తడి మన్ను బయటికొచ్చింది. తర్వాత డైలాగు ఎవరూ అందించలేదు. అతనే చెప్పాడు.

వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం. మట్టి మున్నేటి గట్టు నుంచి తెస్తాం. వేషాలకు ఇంకా ముగ్గురు ఆడవాళ్లు కావాలి.