డ్యూటీ, పరిశోధన రెండూ మీవే

ఈ రోజు పట్టా అందుకున్న మిడ్‌వైఫ్‌లకు, ఇంతదాకా చదివించిన తల్లిదండ్రులకు అభినందనలు.

ఇకమీదట చాలామంది మీకు ఒక సలహా ఇస్తారు: "కాన్పులు చేస్తావో, పీహెచ్‌డీ చేస్తావో ఏదో ఒకటి తేల్చుకో." తేల్చుకోకండి. రెండూ కలిపి చేసిన ఒకామె సంగతి వినండి.

జెన్నిఫర్ స్లీప్ అని ఇంగ్లండ్‌లో రెడింగ్ ఊళ్లో ఒక మిడ్‌వైఫ్. ఆ రోజుల్లో బిడ్డ తల బయటికొచ్చే వేళ కత్తెరతో కోత పెట్టి, తర్వాత కుట్లు వేయడం మామూలు. చిరగకముందే కోస్తే తల్లికి మేలన్నది నమ్మకం. ఆమె తోటి పరిశోధకులతో కలిసి వెయ్యి మంది తల్లులను రెండు గుంపులుగా చేసి పరీక్షించి చూసింది. కోత తగ్గించిన గుంపులో నూటికి 10 మందికి, రెండో గుంపులో 51 మందికి కోత పడింది. 1984లో ఫలితాలు అచ్చయ్యాయి. కాన్పయిన పదో రోజున అడిగినా, మూడు నెలలకు అడిగినా రెండు గుంపుల మధ్య నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అన్ని కోతలు కోసి ఒరిగిందేమిటి? కుట్లతో మంచం మీద కూర్చోలేక అవస్థపడే బాలింతను రోజూ చూసేవాళ్లకే తోచే ప్రశ్న అది.

అలా అడగాల్సిన ప్రశ్న మన దగ్గరా ఉంది; తెలంగాణ సంగతి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తానికి అది 21.5. ఎందుకిలా? కేస్‌షీట్‌లో "నొప్పులు సాగలేదు" అని ఒక్క ముక్క ఉంటుంది. వరండాలో అత్తగారు పంతులుగారికి ఫోన్ చేసి ముహూర్తం అడగడం, లోపల తొలిచూలు పిల్ల "ఇక నావల్ల కాదక్కా, కోసెయ్యమను" అంటూ మీ చెయ్యి గట్టిగా పట్టుకోవడం ఏ రిజిస్టరుకూ ఎక్కవు. అవి మీకే తెలుస్తాయి. వాటిని పద్ధతిగా సేకరించి రాయగలిగేదీ మీరే.

ముందు వరుసలోని అధికారులకు, ప్రిన్సిపాళ్లకు నా విన్నపం. నైట్ డ్యూటీ దిగి నిద్ర మానుకుని చేసే పరిశోధన ఎక్కువ కాలం నిలవదు. వారంలో కొన్ని రోజులు వార్డు, కొన్ని రోజులు పరిశోధన అని ఉత్తర్వులోనే రాసి, ఆ పోస్టు ఇవ్వండి.

పిల్లలూ, మీకు ఒక్క మాట. నొప్పులు పడుతున్న మనిషిని మీ అధ్యయనానికి సంతకం అడగకండి. ఏడో నెలలో చెకప్‌కు వచ్చినప్పుడే కూర్చోబెట్టి, ఆమెకు తెలిసిన మాటల్లో చెప్పండి. వద్దంటే వదిలేయండి. ఆమె కాన్పు మాత్రం అంతే శ్రద్ధగా చెయ్యండి.