బహుమతి కన్నా ముందు ప్రవేశం
(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



టెలివిజన్‌లో ఆటల ప్రసారాలకిచ్చే అవార్డుల గురించి మాట్లాడతానంటే మీలో కొందరు నవ్వారు. మన సమస్యలకీ వాటికీ ఏమిటి సంబంధమన్నారు. సంబంధం ఉందనే నా అభిప్రాయం.

అమెరికాలో ఆటల ప్రసారాలకు ‘స్పోర్ట్స్ ఎమ్మీ’ పేరుతో ఏటా అవార్డులిస్తారు. ప్రత్యక్ష ప్రసారం, రిపోర్టింగ్, కెమెరా, ఎడిటింగ్ - ఇలా ఎన్నో విభాగాలున్నాయి. 2020లో జీవిత సాఫల్య పురస్కారం లెస్లీ విస్సర్ అనే రిపోర్టరుకిచ్చారు. దాన్ని అందుకున్న మొదటి స్త్రీ ఆమే. సంతోషించవలసిన విషయమే. అయితే ఆమె ఎక్కడ మొదలుపెట్టిందో కూడా చూడాలి.

1976లో ఆమె బోస్టన్ గ్లోబ్ పత్రిక తరఫున అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వార్తలు రాయడానికి వెళ్ళింది. అప్పట్లో తనకిచ్చిన పాసు మీదే ‘విలేకరుల గదిలోకి స్త్రీలకు, పిల్లలకు ప్రవేశం లేదు’ అని రాసి ఉండేదని ఆమే చెప్పింది. ఆట అయ్యాక బయట నిలబడి ఆటగాళ్ళ కోసం కాచుకునేది. ఒక ఆటగాడు ఆమెను అభిమాని అనుకుని, నోటుపుస్తకం లాక్కుని సంతకం చేసి ఇచ్చి వెళ్ళిపోయాడట! ఆ రోజునుంచి ఆ పురస్కారం దాకా 44 ఏళ్ళు పట్టింది.

ఈ మధ్యలో తలుపులు వాటంతటవే తెరుచుకోలేదు. 1977లో బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ పోటీలకు వెళ్ళిన మెలిస్సా లుడ్కే అనే విలేకరిని ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గదిలోకి రానివ్వలేదు. ఆట ముగియగానే మగ విలేకరులంతా అక్కడే మాటలు సేకరించేవారు. ఆమె, ఆమె పనిచేస్తున్న పత్రిక సంస్థ కోర్టుకెక్కారు. ఆటగాళ్ళ మర్యాద కాపాడడం కోసమే ఈ నిషేధమని బేస్‌బాల్ పెద్దలు వాదించారు.

ఇక్కడే టెలివిజన్ ప్రస్తావన వచ్చింది. ఆ గదిలోకి మగవాళ్ళు కెమెరాలతో వెళ్ళి ప్రత్యక్ష ప్రసారం చేస్తున్నారు. మాట్లాడే ఆటగాడి వెనక ఒక తెర కడితే సరిపోతోంది. దేశమంతా చూడగా పోని మర్యాద, ఒక స్త్రీ లోపలికి వస్తే పోతుందా? 1978 సెప్టెంబరులో జడ్జి కాన్‌స్టాన్స్ బేకర్ మోట్లీ ఆ సంగతిని తీర్పులో ఎత్తిచూపింది. కావలసినవాళ్ళు తెర కట్టుకోవచ్చు, తువ్వాలు చుట్టుకోవచ్చు; అంతమాత్రానికి స్త్రీల వృత్తిని అడ్డుకోనక్కరలేదని చెప్పింది. ఆ స్టేడియం న్యూయార్క్ నగరానిది. కాబట్టి రాజ్యాంగం ఇచ్చే సమాన రక్షణ అక్కడా వర్తిస్తుందని తేల్చింది. మోట్లీ అమెరికా ఫెడరల్ కోర్టులో మొదటి నల్లజాతి మహిళా జడ్జి అని కూడా గుర్తుంచుకుందాం.

మరి ఇప్పుడు అంతా బాగుపడిందా? లాస్ ఏంజెల్స్ టెలివిజన్ వార్తలనూ, ఈఎస్‌పీఎన్ కార్యక్రమాన్నీ పరిశోధకులు ఏళ్ళ తరబడి పరిశీలించారు. ఆటల వార్తల్లో స్త్రీల ఆటలకు దక్కిన సమయం 1989లో 5 శాతం. 2019లో 5.4 శాతం. ముప్ఫై ఏళ్ళలో పెరిగింది అరశాతం కూడా కాదు! ఆ ముప్ఫై ఏళ్ళూ అవార్డుల సభలు జరుగుతూనే ఉన్నాయి.

అవార్డులు వద్దని నేననడం లేదు. పనికి గుర్తింపు కావాలి. కానీ అవార్డు ప్రసారమైనదాన్ని మాత్రమే తూచగలదు. ప్రసారం కానిదాన్నీ, గుమ్మం బయట ఆగిపోయినవాళ్ళనీ తూచలేదు. ఆ లెక్క చూడడం హక్కుల కోసం పనిచేసే మన బాధ్యత.

మన ఊళ్ళోనూ ఒక స్త్రీని వేదికెక్కించి శాలువా కప్పినప్పుడు చప్పట్లు కొడదాం. కొట్టాక రెండు ప్రశ్నలడుగుదాం. ఈమెకన్నా ముందు ఎందరిని రానివ్వలేదు? ఈమె వెనక వచ్చేవాళ్ళకు దారి ఉందా? జవాబు చెప్పేదాకా అడుగుతూనే ఉందాం.