బండికీ ఒక పుస్తకం

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో సూరారం సంఘం తరఫున చేసిన ప్రసంగం)



మన సంఘాలు అప్పు తీసుకొని కుట్టు మిషన్లు, పిండి గిర్నీలు, బర్రెలు కొనడం అందరికీ తెలిసిందే. ఇప్పుడు కొందరు బండ్లు కూడా కొంటున్నరు. కూరగాయలకు, టిఫిన్ల సామానుకు, పాల క్యాన్లకు రోజూ కిరాయి ట్రాలీ మాట్లాడితే చేతిల ఏమీ మిగలదు. కొత్త బండి కొనే తాహతు మనకు లేదు. అందుకే సెకండ్ హ్యాండు పికప్ కొంటం. పాత బండి అన్నంక రిపేరు తప్పదు. ఆ రిపేరు మన పొదుపును మింగకుండా ఎట్ల చూసుకోవాలో చెప్పమని సమాఖ్య మాకు ఈ అవకాశం ఇచ్చింది.

మా బండి తెల్లవారుజామున సూరారం నుంచి షాపూర్‌నగర్ మీదుగా బోయినపల్లి మార్కెట్‌కు పోతది. కూరగాయలు ఎక్కించుకొని జీడిమెట్ల వైపు హాస్టళ్లకు, మెస్సులకు దించుతది. మేడ్చల్, శామీర్‌పేట వైపు ఊర్లకు పోయి రైతుల దగ్గర ఆకుకూరలు ఎత్తుకొస్తది. బండి ఒక్కరోజు నిలబడితే పది ఇండ్ల కూలీ నిలబడుతది. కిస్తీ మాత్రం నిలబడదు.

మేము మెకానిక్‌లం కాదు. పానా పట్టి ఇంజన్ విప్పేది ఉస్తాదే. విప్పకముందు పని మాది. బండి ఏం చెప్తున్నదో చూడాలి, రాయాలి, ఆయనకు సరిగ్గా చెప్పాలి. డాక్టర్ దగ్గరికి పోయి ‘పాణం బాగలేదు’ అంటే అన్ని పరీక్షలూ రాస్తడు. ‘మూడు రోజుల నుంచి రాత్రిపూట చలిజ్వరం’ అంటే రోగం తొందరగా దొరుకుతది. బండి కూడా అంతే. ‘బండి లాగుతలేదు’ అంటే ఉస్తాదు అన్నీ విప్పాలె. ‘లోడు మీద, ఎత్తు ఎక్కేటప్పుడే లాగుతలేదు, నల్ల పొగ వస్తున్నది’ అంటే సగం పని అయినట్టే.

అందుకని మినిట్స్ పుస్తకం లెక్కనే బండికీ ఒక పుస్తకం పెట్టినం. తేదీ, తిరిగిన కిలోమీటర్లు, పోసిన డీజిల్, ఇంజన్ ఆయిల్ మట్టం, కూలెంట్ డబ్బాలో నీళ్ల మట్టం రాస్తం. కొత్త సప్పుడు, కొత్త వాసన, పొగ ఏదన్నా వస్తే ఎప్పుడు వచ్చిందో కూడా రాస్తం. ఇంజన్ చల్లగున్నప్పుడా, వేడెక్కినంకనా? ఖాళీ బండికా, లోడు మీదనా? మార్చిన ప్రతి సామాను బిల్లు అందులోనే అతికిస్తం.

పొద్దున చూసే పనికి పది నిమిషాలు చాలు. రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరిచి పెడతం. పొద్దున మరక చూస్తం. నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్. పచ్చగానో గులాబీ రంగులోనో ఉంటే రేడియేటర్ కూలెంట్. చక్రం పక్కన పల్చగా తడి ఉంటే బ్రేక్ ఆయిల్ అనుకొని చూసుకోవాలె. తర్వాత సమానంగా ఉన్న నేల మీద, ఇంజన్ స్టార్ట్ చేయకముందే ఆయిల్ పుల్ల తీసి, తుడిచి, మళ్లీ పెట్టి మట్టం చూస్తం. ఆయిల్ టీ రంగులోకి మారి నురగ కట్టినట్టుంటే అందులో నీళ్లు కలిసినయని అర్థం. ఆ బండిని స్టార్ట్ చేయొద్దు.

ఇగ పొగ సంగతి. డీజిల్ బండికి పొగ అంటే నాలుక లాంటిది, రంగును బట్టి జబ్బు తెలుస్తది. నల్ల పొగ అంటే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో నిండొచ్చు, గాలి పైపు చినగొచ్చు, నాజిల్ పాడవచ్చు. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతున్నది. రింగులు, వాల్ సీళ్లు, టర్బో చూపించాలె. తెల్ల పొగ చలికాలం పొద్దున కాసేపు వచ్చి ఆగితే భయం లేదు. ఇంజన్ వేడెక్కినంక కూడా ఆగకుండా వస్తూ, కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాలె.

ఈ పుస్తకం మాకు ఎంత పనికొచ్చిందో ఒక్క సంగతి చెప్తం. పోయిన ఎండాకాలం బండి లోడు మీద లాగుడు తగ్గింది. ఎత్తు వచ్చిందంటే రెండో గేరు, వెనక నల్ల పొగ. ఒక మెకానిక్ షెడ్డుల చూపిస్తే ‘ఇంజన్ బోరుకు వచ్చింది, మొత్తం దించాలె’ అన్నరు. చెప్పిన ఖర్చుకు మళ్లీ అప్పు పుట్టించాలె. అప్పుడు సంఘం మీటింగుల పుస్తకం ముందు పెట్టుకొని కూసున్నం.

బోరు పోయిన ఇంజన్ ఎట్లుంటదో ముందే అడిగి తెలుసుకున్నం. పొద్దున చల్లటి ఇంజన్ తొందరగా స్టార్ట్ కాదు. ఆయిల్ తగ్గుకుంట పోతది. నీలం పొగ వస్తది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేస్తే లోపల నుంచి గుప్పుగుప్పున ఆవిరి తంతది. దీన్నే మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అంటరు. మా పుస్తకంల ఏముంది? పొద్దున ఒక్క సెల్ఫుకే స్టార్ట్. నెల రోజుల్లో ఆయిల్ పోసింది లేదు. కూలెంట్ తగ్గలేదు. మూత తీసి చూస్తే ఆవిరి లేదు. ‘లోడు మీద రేసు ఇస్తే బుస్సుమని సప్పుడు’ అని డ్రైవర్ తమ్ముడు రెండుసార్లు రాసిండు.

ఆ పేజీలు తీస్కొని ఇంకో ఉస్తాదు దగ్గరికి పోయినం. ఆయన చదివి, ఇంజన్ జోలికి పోకుండ, టర్బో నుంచి ఇంజన్‌కు గాలి పోయే రబ్బరు పైపు చేతితోని తడిమి చూసిండు. పైపు అడుగు భాగంలో చినిగింది. బండి నిలబడి ఉన్నప్పుడు ఆ చినుగు మూసుకొనే ఉంటది. లోడు మీద గాలి ఒత్తిడికి తెరుచుకొని బుస్సుమంటది. ఇంజన్‌కు అందాల్సిన గాలి బయటికి పోతే నల్ల పొగ రాక ఏం చేస్తది? పైపు, ఎయిర్ ఫిల్టర్ మార్పించినం. ఇంజన్ దించడానికి చెప్పిన పైసలల్ల ఇరవయ్యో వంతు కూడా కాలేదు.

అక్కలారా, దీంట్లో మాకు తెలిసింది ఒక్కటే. తక్కువ ఖర్చు అయ్యేవి ముందు చూడాలె, విప్పేవి ఆఖరుకు. స్టార్టింగ్ ట్రబుల్ వస్తే కూడా అదే వరుస. తాళం తిప్పితే టక్ టక్ అని ఆగితే ముందు బ్యాటరీ టెర్మినళ్లకు పట్టిన బూజు కడిగి, గట్టిగ బిగించి చూడాలె. ఎర్త్ వైరు వదులుందేమో చూడాలె. మీటరు పెడితే ఇంజన్ ఆగి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజన్ నడుస్తుంటే 14 దగ్గర చూపాలె. నడుస్తున్నప్పుడు కూడా పెరగకుంటే బ్యాటరీ కొని లాభం లేదు, డైనమో చూపించాలె. సెల్ఫ్ మంచిగ తిరిగినా ఇంజన్ అందుకోకుంటే డీజిల్ వైపు పోవాలె: ఫిల్టర్ల నీళ్లున్నయా, లైన్ల గాలి పట్టిందా అని.

ఎండాకాలం వేడి ముల్లు పైకి పోతే బండి పక్కకు ఆపాలె. వేడి మీద రేడియేటర్ మూత అస్సలు తీయొద్దు, మరిగే నీళ్లు మొఖం మీదికి ఎగజిమ్ముతయి. చల్లారినంక కూలెంట్, పైపులు, ఫ్యాను బెల్టు చూడాలె. కూలెంట్ తగ్గితే ఊకె నీళ్లు పోసుకుంట పోవుడు కాదు, ఎటు పోతున్నదో కనుక్కోవాలె.

బ్రేకు దగ్గర మాత్రం ఈ పొదుపు లెక్క పనికిరాదు. ఒక పొద్దు బ్రేక్ ఆయిల్ డబ్బాల మట్టం తగ్గింది. వెనక ఎడమ చక్రం లోపలి వైపు తడి కనబడ్డది. పెడల్ తొక్కితే మెల్లగా కిందికి దిగుతున్నది. మార్కెట్‌కు టైం అయితున్నది. ‘ఈ ఒక్క ట్రిప్పు మెల్లగ పోయొస్త’ అన్నడు డ్రైవర్ తమ్ముడు. ఆ రోజు డ్యూటీల ఉన్న మా సభ్యురాలు తాళం ఇయ్యలేదు. ఆ రోజు కిరాయి ఆటోలో సామాను తెచ్చినం, లాభం లేదు. కానీ ఆ రోడ్డు మీద బడి పిల్లలు దాటుతరు, షిఫ్టు దిగిన కూలీలు నడుస్తరు. పెడల్ మెత్తగా తగిలినా, బండి ఒక పక్కకు గుంజినా, ఆయిల్ తగ్గినా బండి కదలొద్దు. ఇది మా సంఘం తీర్మానం.

ఇంకా బండి కొననివాళ్లు కూడా ఉన్నరు కాబట్టి నాలుగు మాటలు. చూడబోయే ముందే ‘మేము వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు’ అని చెప్పండి. చల్లటి ఇంజన్ నిజం చెప్తది. టైర్లు చూడండి. ఒక అంచే అరిగితే అలైన్‌మెంట్ తేడా. కదిలేటప్పుడు కింద టక్ మంటే షాఫ్ట్ క్రాస్ చూపించండి. ఆర్సీల ఉన్న చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద కలుస్తున్నయా చూసుకోండి. చలాన్లు, ఇన్సూరెన్స్ చూడండి. ఎనిమిదేండ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలె, ఆ ఖర్చు కూడా లెక్కల పెట్టుకోండి. పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలె. బండి మీద ఫైనాన్స్ ఉంటే అది తీరినట్టు ఫారం 35, ఫైనాన్స్ వాళ్ల ఎన్ఓసీ రాకుండా పూర్తి పైసలు ఇయ్యకండి.

మన సంఘాలకు పంచసూత్రాలు ఉన్నయి: సమావేశం, పొదుపు, అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తక నిర్వహణ. పదో తరగతి చదివినోళ్లం పైసల లెక్క రాస్తున్నం కద, బండి లెక్క రాయలేమా?

ఈ సభ ముందు మేము రెండు మాటలు పెడుతున్నం. బండి ఉన్న ప్రతి సంఘం ఈ నెల నుంచే పుస్తకం పెట్టాలె. ప్రతి సంఘంల ఇద్దరు సభ్యులు పొద్దున చూసే పని నేర్చుకోవాలె. మా దగ్గరికి వస్తే బండి ముందు నిలబెట్టి చూపిస్తం. ఇంకో ముచ్చట: 7,500 కిలోల లోపు రవాణా బండిని మామూలు ఎల్ఎంవీ లైసెన్సుతోనే నడపొచ్చని 2024 నవంబర్‌ల సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. మా సంఘంల ఇద్దరు డ్రైవింగ్ నేర్చుకుంటున్నరు. వచ్చే మహాసభకు మా బండిని వాళ్లే నడుపుకొస్తరని చెప్తూ సెలవు తీసుకుంటున్నం.