మొలక గోధుమల బిస్కత్తులు



ఉగాదికి ముందు దినాలలో కర్ణాటక సీమ నుండి శ్రీశైలానికి కాలినడకన వెళ్ళే భక్తులు మన ఆత్మకూరు మీదుగా వెంకటాపురం, నాగలూటి దారిన నల్లమలలో ప్రవేశిస్తారు. ఉత్తర కర్ణాటకంలో జొన్నరొట్టెను కాల్చి, ఆరబెట్టి, పెళపెళలాడేటట్లు ఎండించి వారాల తరబడి నిలువ ఉంచుకొనే అలవాటు ఉన్నది. తడి లేని తిండి త్వరగా చెడదు, మూటలో బరువుండదు. ‘బిస్కత్తు’ అనే మాటకు లాటిను మూలంలో ‘రెండుమార్లు కాల్చినది’ అని అర్థం. ఆ లెక్కన ఈ ఎండురొట్టె బిస్కత్తుకు తోడబుట్టినదే. కనుక బిస్కత్తును దొరల తిండి అని మనం వెలివేయనక్కరలేదు.

విచారించవలసినది మరొకటి ఉన్నది. నేడు పల్లెలలో సైతం పిల్లవాడు ఏడిస్తే చేతిలో పెట్టేది అంగడి బిస్కత్తు పొట్లమే. దానిపై గోధుమ వెన్ను బొమ్మ ఉండవచ్చును. బొమ్మను విడిచి వెనుకవైపు పదార్థాల పట్టిక చదవండి. ఏది ఎక్కువ తూకం పడినదో దానిని ముందు వ్రాయవలెనని మన దేశంలో నియమం ఉన్నది. మొదట మైదా, తరువాత చక్కెర, ఆపైన నూనె ఉంటే ఆ గోధుమ వెన్ను ఎంతవరకు నిజమో మీకే బోధపడుతుంది.

ఇంటిలో చేసుకొనే బిస్కత్తుకు మొలకధాన్యం మంచి ఆధారం. దీనినే మాల్టు అంటారు. గింజ మొలకెత్తేటప్పుడు తనలోని పిండిపదార్థాన్ని తీపిగా మార్చుకొనడానికి అమైలేజు అనే ఎంజైమును పుట్టించుకొంటుంది. మొలకను సరియైన వేళ ఆపి ఎండబెడితే ఆ తీపి, ఆ పరిమళం మనకు దక్కుతాయి. గింజలోని ఇనుము, జింకు వంటి ఖనిజాలను ఒంటికి పట్టనీయకుండా అడ్డుపడే ఫైటిక్ ఆమ్లం కూడా కొంత తగ్గుతుంది. 1883లో హార్లిక్ సోదరులు అమెరికాలో పేటెంటు పొందిన పానీయపు పొడికి మూలం ఈ కిటుకే. దాని కర్మాగారం ఒకటి మన ధవళేశ్వరంలోనే నెలకొన్నది. మన ఇండ్లలో రాగులు మొలకెత్తించి జావ కాచడం కూడా ఇదే విద్య.

అర కిలో గోధుమలను కడిగి పది, పన్నెండు గంటలు నానబెట్టండి. నడుమ రెండుసార్లు నీరు మార్చవలెను. పిమ్మట నీరు ఓడ్చి తడిగుడ్డలో మూటకట్టి నీడన ఉంచండి. చలికాలంలో ఒకటిన్నర రోజు పట్టవచ్చును. మన ఎండాకాలంలో ఒక పగలు, ఒక రాత్రి చాలును. ఎండాకాలంలో మూట పులిసే ప్రమాదం ఉన్నది గనుక పూటకొకసారి విప్పి, చన్నీటితో కడిగి, తిరిగి కట్టండి. పుల్లని వాసన, జిగురు, బూజు కనిపిస్తే నిస్సంకోచంగా పారవేయండి. వేరు గింజలో సగం పొడుగు రాగానే ఆపవలెను. మొలక ఎంత పొడుగైతే అంత బలమని కొందరంటారు గాని, బిస్కత్తు విషయంలో అది చెల్లదు. మొలక ముదిరినకొద్దీ పిండి పట్టు తప్పి ముద్ద బంకబంకగా సాగుతుంది.

మొలకలను మొదట నీడన, తరువాత ఎండలో గలగలలాడేవరకు ఆరబోసి, అరచేతులతో నలిపి, వేళ్ళు ఊడిపోయేటట్లు చేటతో చెరగండి. సన్నని సెగపై కమ్మని వాసన వచ్చేవరకు వేయించి మర పట్టించండి. పొట్టు జల్లించరాదు. మీకు ముందు ఎవరు ఏమి పట్టించుకొన్నారో మాత్రం మరవాని నడిగి తెలుసుకొనండి. మిరపకాయల వెనుక పట్టిన పిండితో చేసిన బిస్కత్తు ఏ పిల్లవాడూ రెండవసారి అడగడు!

రాగులను కూడా ఇట్లే చేసుకొనవచ్చును. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, గోధుమలలో 40 మాత్రమే. అయితే జొన్నల విషయంలో జాగ్రత్త అవసరం. లేత జొన్నపైరు మేసిన పశువు నాము తగిలి పడిపోవడం మన రైతులందరికీ తెలిసినదే. ఆ విషానికి మూలమైన పదార్థం జొన్నమొలకలోనూ ఉంటుంది. కనుక పిల్లల తిండికి జొన్నమొలకలు వద్దు. మొలకెత్తించని జొన్నపిండికి ఈ భయం లేదు.

ఇక పాళ్ళు. మామూలు గోధుమపిండి 200 గ్రాములు, మొలక గోధుమపిండి 60, మొలక రాగిపిండి 40, మెత్తగా నలిపిన బెల్లం 100, నెయ్యి 100, చిటికెడు ఉప్పు, పావు చెంచా వంటసోడా, రెండు ఏలకుల పొడి. నేతిని, బెల్లాన్ని తెల్లబడేవరకు గిలకొట్టి, పిండులు కలిపి, ముద్ద కట్టేటంత మేరకే పాలు చిలకరించండి. రొట్టెపిండివలె మర్దించరాదు, మర్దించినకొద్దీ బిస్కత్తు రాయి అవుతుంది. అరగంట కప్పి ఉంచి, వేలి మందంలో సగానికి వత్తి, బిళ్ళలు కోసి, ముళ్ళచెంచాతో పొడవండి. ఆ రంధ్రాలు అందానికి కావు; ఆవిరి పోవడానికి.

ఓవెను లేదని చింతించవద్దు. అడుగు మందమైన పాత గిన్నెలో రెండు వేళ్ళ ఎత్తున ఇసుక పోసి, మూతపెట్టి పదిహేను నిమిషాలు కాచండి. ఇసుకపై చిన్న కుదురు, దానిపై నెయ్యి రాసిన పళ్ళెం ఉంచి, సన్నని సెగపై ఇరవై, ఇరవైయైదు నిమిషాలు కాల్చండి. ఓవెను ఉన్నవారికి 160 డిగ్రీల వేడి చాలును. మొలకపిండిలో తీపి ఉన్నందున ఇది తొందరగా మాడుతుంది. అంచులు ఎరుపెక్కగానే తీయవలెను. వేడిమీద మెత్తగా ఉన్నదని మరల మంటపెట్టేవారున్నారు. చల్లారిన తరువాతనే అది గట్టిపడుతుంది. అప్పటికీ కరకరలాడకపోతే ఆరిపోతున్న సెగమీద మరొక పది నిమిషాలు ఉంచండి. పేరుకు తగినట్లు రెండుమార్లు కాల్చినట్లవుతుంది.

తల్లులకు ఒక మాట విన్నవించుకొంటాను. ఇది మంచి తిండే గాని మందు కాదు. బెల్లం కూడా తీపే, నెయ్యి కూడా కొవ్వే. బడికి పోయే పిల్లలకు సాయంత్రం రెండు, మూడు బిళ్ళలు చాలును. ఏడాది నిండని బిడ్డకు బిస్కత్తును పాలలోనో టీలోనో నానబెట్టి తినిపించే అలవాటు మాత్రం మానవలసినదే, అది ఇంటి బిస్కత్తైనా సరే. కాల్చిన వేడికి ఎంజైము నశిస్తుంది. రుచి మిగులుతుంది గాని జావను పలుచన చేసే శక్తి మిగలదు. ఆరు నెలలు నిండిన బిడ్డకు గట్టిగా ఉడికిన జావలో ఒక చెంచా మొలక రాగిపిండి కలిపి చూడండి. కొద్ది నిమిషాలలో అది జారుగా అవుతుంది. మరల ఒక పొంగు రానిచ్చి దించి, గోరువెచ్చగా పట్టవలెను. నీరు పోసి పలుచన చేసిన జావతో చిన్న కడుపు నీటితోనే నిండిపోతుంది. ఈ విధంగా కాచినదానిలో అదే గిన్నెడులో ధాన్యం ఎక్కువ పడుతుంది. పాలిచ్చే తల్లి పాలు మాన్పించనక్కరలేదు.

ఈ పాళ్ళకు ముప్పై బిళ్ళల వరకు వస్తాయి. పూర్తిగా చల్లారిన తరువాత గట్టిమూత డబ్బాలో పోస్తే పది, పదిహేను రోజులు నిలుస్తాయి. వానకాలంలో మెత్తబడితే వేడి పెనముపై మంట లేకుండా కొంతసేపు పరచండి.